ఆకాశదుర్గం అసలు ఎత్తు

రత్నమేఖల రాజ్యానికి ఉత్తరపు సరిహద్దులో రెండు కొండలు ఒకదాని భుజం ఒకటి తాకబోయి, చివరి క్షణంలో ఆగిపోయినట్టు నిలబడి ఉంటాయి. వాటి మధ్య కనుమను మూసేస్తూ ఉంది ఆకాశదుర్గం. పొద్దుటి ఎండ పడితే దాని గోడ తేనెలో ముంచి తీసినట్టు మెరుస్తుంది. గోడ అడుగున ఏనుగు పట్టేంత గవాక్షాలు. వాటిపైన గుర్రం పట్టేంతవి. ఆ పైన ఇంకా చిన్నవి, ఆ పైన ఇంకా. చూపు పైకెక్కేకొద్దీ సన్నగిల్లి, శిఖరం దగ్గర నువ్వుగింజలంత చుక్కలవుతాయి. ఆ చుక్కల పైన, గోడ నెత్తిన, బంగారు శిరస్త్రాణాలతో, నల్లటి గడ్డాలతో, ఎర్రటి నడికట్లతో నలభైమంది భటులు బొమ్మల్లా బారు తీరి ఉంటారు. కింద నుంచి చూసేవాడికి మెడ నొప్పి పుడుతుంది. గుండె కూడా కొంచెం జారుతుంది.

ఆ దుర్గాన్ని ఏలేవాడు మాయాంజనుడనే మాంత్రికుడు. మూడేళ్లలో రెండు సైన్యాలు అతని మీదికి వెళ్లాయి. రెండూ ఆ గోడను చూసి, పన్నెండు నిలువులని, అంటే మనిషి ఎత్తుకు పన్నెండింతలని లెక్కగట్టి, అంత పొడుగు నిచ్చెన ఎవరి దగ్గరా లేదని వెనక్కి తిరిగాయి. ఇప్పుడు వచ్చింది మూడోది. దానితో పాటు యువరాజు సుకేతు వచ్చాడు, ముసలి సేనాపతి ప్రచండుడు వచ్చాడు, నిప్పుకుండలు విసిరే రెండు యంత్రాలు ఏనుగుల మీద వచ్చాయి. యంత్రాల తూకానికి వేలాడే రాతి దిమ్మెలు చెక్కడానికి శిల్పి కొమ్మన వచ్చాడు.

కొమ్మనను ఎవరూ బలవంతపెట్టలేదు. రాతిగనుల పల్లె నుంచి తనంతట తానే నడిచి వచ్చి పని అడిగాడు. మూడేళ్లుగా మాయాంజనుడి మనుషులు ఏటా ఆ చుట్టుపక్కల పల్లెల మీద పడి అయిదారేళ్ల పిల్లలను మూటల్లా ఎత్తుకుపోతున్నారు. కొమ్మన కూతురు పైడమ మొదటి ఏడు పోయినవాళ్లలో ఒకతె. ఆ తర్వాత ఆ పిల్లలను చూసినవాళ్లు లేరు. క్షుద్రదేవతకు బలి ఇచ్చి ఉంటాడని పల్లెలో పెద్దలు తేల్చేశారు. కొమ్మన వాళ్లతో వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. పిల్ల పోయిన దారి చివర ఏముందో ఒకసారి చూడాలనిపించింది, వచ్చాడు.

ఆ ఉదయం అతను దిమ్మె చెక్కుతుంటే పక్కన సైనికులు ముందురోజు వింత గురించి చెప్పుకుంటున్నారు. పరీక్షకని ఒక వట్టికుండ విసిరితే అది గోడ నడుమ తగలాల్సింది పోయి, నెత్తిమీదుగా దాటి ఎక్కడో మాయమైందట. మాంత్రికుడు గాలిలోనే దాన్ని ఎత్తి పారేశాడని ఒకడు, కోటే తల వంచి తప్పుకుందని ఇంకొకడు.

"కోట తల వంచడమేంట్రా? నీ పెళ్లామనుకున్నావా?" అన్నాడు వంటవాడు.

అందరూ నవ్వారు. కొమ్మన నవ్వలేదు. నిన్నటి కుండకు కట్టిన తాడు పొడవు, దిమ్మె బరువు అతనికి తెలుసు. వాటిలో తప్పు లేదు. మరి కుండ అంత ఎత్తున ఎందుకు పోయింది? ఉలి కింద పెట్టి గోడ వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే పైనున్న భటుల్లో ఒకడు శిరస్త్రాణం తీసి బుర్ర గోక్కున్నాడు. శిరస్త్రాణంతో పాటు గడ్డం కూడా ఊడి వచ్చింది. అంత దూరం నుంచి అది కంట్లో నలుసంత కదలిక. ఆ భటుడు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు, మళ్లీ మార్చాడు, మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కుకున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచేసరికి గబగబా శిరస్త్రాణం తగిలించుకున్నాడు.

అది తగిలించుకునేలోపే కొమ్మన చెయ్యి దానంతట అదే లేచింది. శిల్పులకది అలవాటు. చెయ్యి బారజాపి, ఉలి నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, బొటనవేలిని ఉలి మీద జరుపుతూ దూరపు రూపాన్ని కొలుస్తారు. చుబుకం కొస నుంచి నడినెత్తి దాకా ఒక తల. ఎదిగిన మనిషి ఎనిమిది తలల పొడుగు. బొటనవేలు కిందికి జరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడితో పాదాలు వచ్చేశాయి.

కొమ్మన మరోసారి మనసులో లెక్కపెట్టుకున్నాడు. అయిదు తలల పొడుగుండేది అయిదేళ్ల బిడ్డ. ఇరవై ఏళ్లుగా గుడి గోడల మీద తల్లి చంక ఎక్కిన పిల్లలను అదే కొలతలో చెక్కుతున్నాడు.

అతను ఉలి పట్టుకునే యువరాజు గుడారానికి పరుగెత్తాడు.

సుకేతుకు ఇరవై రెండేళ్లు. ఎవరు చెప్పినా చివరి దాకా వినే గుణం అతనిది. కొమ్మన చెప్పింది విని బయటికి వచ్చి, తన బాకును అలాగే బారజాపి, ఎలా కొలవాలో నేర్చుకున్నాడు. కానీ భటులంతా ఇప్పుడు శిరస్త్రాణాల్లో, గడ్డాల్లో ఉన్నారు. తల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు.

"వాళ్లు పిల్లలైతే గోడ పన్నెండు నిలువులు కాదు ప్రభూ. మనిషిని చూసి గోడను కొలుస్తాం మనం. మనిషే చిన్నవాడైతే గోడ పెద్దదవుతుంది. గోడ ముందున్న చెట్లు కూడా కావాలని కురచగా పెంచినవి. కోట మనం అనుకున్న దానికన్నా చిన్నది, చాలా దగ్గరలో ఉంది. అందుకే నిన్న కుండ దాటిపోయింది."

సేనాపతి ప్రచండుడు అడ్డొచ్చాడు. కఠినుడు కాదతను. రెండో దండయాత్రలో జ్వరాలకు మూడువందల మందిని ఈ లోయలోనే పూడ్చి, వాళ్ల ఇళ్లకు తానే వెళ్లి చెప్పి వచ్చినవాడు. నాలుగోసారి ఇక్కడికి రావడం తన వల్ల కాదన్నాడు. తాడు కురచ చేయించాననీ, ఇవాళ కుండ గురి తప్పదనీ, మధ్యాహ్నం దాటితే కనుమలో గాలి ఎదురు తిరిగి నిప్పు తమ మీదికే వస్తుంది గనుక సూర్యుడు నడినెత్తికి రాగానే విసిరి తీరాలనీ చెప్పాడు.

"ఏమయ్యా శిల్పీ, నీ కూతురు పోయిన సంగతి విన్నాను. నాకూ జాలిగానే ఉంది. పిల్లను పోగొట్టుకున్న కంటికి ప్రతి చోటా పిల్లలే కనిపిస్తారు. అది నీ తప్పు కాదు."

కొమ్మన తల దించుకున్నాడు. "కొలత అయిదు తలలే వచ్చిందయ్యా," అన్నాడు.

చివరికి సుకేతు ఒక దారి చూపాడు. మధ్యాహ్నపు నగారా దాకా కొమ్మనకు గడువు. ఈలోగా కోటలోకి చేరి, పైనున్నది పిల్లలని రుజువు చూపాలి. చూపలేకపోతే సేనాపతి మాటే జరుగుతుంది. కొమ్మన దండం పెట్టి, ఉలి, సుత్తి, గుండు కట్టిన దారం నడుముకు చుట్టుకుని బయలుదేరాడు.

కోటకు ఎడమ పక్క వాగులోయ గుండా ఒక దొంగదారి ఉంది. వేగులవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. అక్కడ నీళ్లు ఎత్తు మీదికి పారుతాయని, అది చూసినవాళ్లకు మతి పోతుందని చెప్పుకునేవారు. కొమ్మన వెళ్లేసరికి నీళ్లు నిజంగానే అలాగే పారుతున్నాయి. సన్నటి పాయ గులకరాళ్ల మధ్య గలగలమంటూ ఎదురుగా ఉన్న మిట్ట మీదికి ఎగబాకుతోంది. అక్కడ దారి రెండుగా చీలింది. ఒకటి నీళ్లతో పాటు మిట్ట ఎక్కి కోట వైపు పోతున్నట్టుంది. రెండోది పాతాళంలోకి దిగుతున్నట్టుంది.

కొమ్మన గుండుదారం వదిలాడు. గోడ కట్టేవాడికి నిలువు అంటే దారం చెప్పినదే. పక్కనున్న చెట్లన్నీ నిటారుగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి, దారం మాత్రం వంకరగా వేలాడుతోంది. అతను దారాన్నే నమ్మాడు. చెట్లన్నిటినీ మొక్కలుగా ఉన్నప్పుడే ఒకే వైపు వంచి పెంచారు. లోయ రెండు పక్కలా బండల మీద ఏటవాలు చారలు తొలిచారు. అవన్నీ కలిసి పల్లాన్ని మిట్టగా, మిట్టను పల్లంగా చూపిస్తున్నాయి. నీళ్లు పాపం ఎప్పటిలాగే పల్లానికే పోతున్నాయి. మిట్ట అనుకుని ఆ పాయ వెంట పోయినవాళ్లు ఊబిలో దిగబడతారు. రెల్లు మధ్య తుప్పు పట్టిన బల్లెం కొన ఒకటి కనిపించింది కూడా.

పాతాళంలోకి దిగుతున్నట్టున్న దారిలో అడుగు పెట్టాడు. పది అడుగులకే ఆయాసం వచ్చింది. ఎక్కుతున్నాడన్నమాట. కన్ను దిగుతున్నావంటోంది, పిక్కలు ఎక్కుతున్నావంటున్నాయి. పిక్కల మాట వింటూ, తల ఎత్తకుండా, గుహద్వారం దాకా వెళ్లాడు.

లోపల పొడవాటి స్తంభాల నడవా. రెండు పక్కలా స్తంభాలు దూరంగా, ఇంకా దూరంగా పోయి చివర దీపం వెలుగులో కలిసిపోతున్నాయి. ఆ చివర ఒక భటుడు నిలబడి ఉన్నాడు. అతని తల కప్పును తాకుతోంది. భుజాలు స్తంభాల వరుసను నింపేశాయి. అంత దూరంలో అంత పెద్దగా కనిపిస్తే దగ్గరికొస్తే ఎంతవుతాడో ఊహించుకుంటూ కొమ్మన ఒక అడుగు వెనక్కి వేశాడు. భటుడు గర్జించి బల్లెం ఎత్తి నడిచి వచ్చాడు.

పారిపోవడానికి వెనక్కి తిరిగిన కొమ్మన చెప్పు పట్టీ తెగి అక్కడే కూలబడ్డాడు. అందువల్ల ఎవరూ చూడనిది అతను చూశాడు. భటుడు దగ్గరికొచ్చేకొద్దీ తగ్గిపోతున్నాడు. తాటిచెట్టంతవాడు తలుపంత అయ్యాడు, తలుపంతవాడు మామూలు మనిషయ్యాడు, ఎదురుగా వచ్చి నిలబడేసరికి కొమ్మన భుజానికి వచ్చే బక్కచిక్కిన ముసలాడయ్యాడు. నడవా అంతా ఇరవై అడుగులే. అవతలి చివరకు నేల లేస్తూ, కప్పు దిగుతూ, స్తంభాలు పొట్టివవుతూ పోయాయి.

ముసలాడు బల్లెం దించి ఇబ్బందిగా చూశాడు.

"నువ్వు పారిపోవాలి కదయ్యా. అందరూ అక్కడే పారిపోతారు."

"చెప్పు తెగింది," అన్నాడు కొమ్మన.

ఇద్దరికీ ఏం చేయాలో తోచలేదు. తన పేరు బుడ్డన అని, ఒకప్పుడు సంతల్లో గారడీ చేసి బతికేవాడినని, ఇక్కడ గంజి పోసి కాపలా పెట్టారని ముసలాడు తనే చెప్పుకున్నాడు. కోటలో ఎదిగిన భటులు ఇరవై మందికి మించరట. పగటిపూట వాళ్లెవరూ గోడ మీదికి ఎక్కకూడదని ఆజ్ఞట. గోడ మీద ఉన్నదెవరని కొమ్మన అడిగాడు. ముసలాడు కళ్లు తుడుచుకుని మెట్లదారి వైపు వేలు చూపి, చేతులు రెండూ వెనక్కి పెట్టాడు.

"నన్ను కట్టేసి పో. గట్టిగా కట్టు బాబూ, వదులుగా కడితే ఆ మాంత్రికుడు నమ్మడు."

కొమ్మన అతని తలగుడ్డతోనే గట్టిగా కట్టి, గుక్కెడు నీళ్లు తాగించి, మెట్లెక్కాడు.

ఇప్పుడతనికి ధైర్యం వచ్చింది. కోట కిటుకంతా తెలిసిపోయిందనుకున్నాడు. ఇక్కడ పెద్దదంతా చిన్నది, దూరమంతా దగ్గర. మెట్ల పైన నేల చీలిన చోట నల్లటి గొయ్యి అడ్డొచ్చింది. అవతలి అంచు పది మూరల దూరంలో ఉన్నట్టుంది. అయితే నిజానికి అయిదో ఆరో ఉంటాయని అలవాటుగా సగం తీసేసి, పరుగెత్తి దూకాడు.

కోట మొత్తంలో అబద్ధం చెప్పనిది ఆ గొయ్యి ఒక్కటే. అది అచ్చంగా పది మూరలే ఉంది.

గాలిలో ఉండగానే అతనికి సంగతి అర్థమైంది. అవతలి అంచు వేళ్లకు తగిలి జారిపోయింది. పడుతూ పడుతూ నడుములోని ఉలి లాగి గోడను పొడిచాడు. రెండు రాళ్ల మధ్య సున్నం చీలికలో ఉలి దిగింది. ఒంటిచేత్తో దాన్ని పట్టుకుని వేలాడుతుంటే, సుత్తి, గుండుదారం జారి కిందికి పోయాయి. అవి నేల తాకిన చప్పుడు చాలాసేపటి దాకా వినిపించలేదు. అంతా తెలిసిందనుకున్నందుకు తనను తాను తిట్టుకుంటూ, రాళ్ల సందుల్లో కాలివేళ్లు దూర్చుకుంటూ, జానెడు జానెడుగా పైకి పాకాడు. అంచు మీద వెల్లకిలా పడి ఊపిరి తీసుకుంటుంటే పైకప్పు సందులోంచి ఎండ కనిపించింది. అది దాదాపు నిట్టనిలువుగా పడుతోంది.

చివరి మెట్లు నాలుగు కాళ్ల మీద ఎక్కి గోడ నెత్తికి చేరాడు.

ముందు శిరస్త్రాణాలు కనిపించాయి. ఆ తర్వాత వాటి కింద, గొంగళిగడ్డాలకు పైన, బెదిరిన కళ్లు కనిపించాయి. నలభై జతల కళ్లు. ఏ ఒక్క పిల్లా అతని నడుము దాటదు. పాదాల దాకా వేలాడే కోట్లు తొడిగి, కింద చెక్కబూట్లు వేసి, గడ్డాల కింద నోళ్లకు గుడ్డలు కట్టారు. ఒక్కొక్కరి కాలికి గొలుసు, గొలుసు చివర రాతిలో దిగ్గొట్టిన ఇనుప కొక్కెం.

కొమ్మన వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుగెత్తుతూ ఒక్కొక్క ముఖం చూశాడు. పైడమ లేదు. మళ్లీ వెనక్కి వస్తూ చూశాడు. లేదు. నిలబడి ఏడవడానికి వేళ కాదది. మొదటి కొక్కెం ముందు కూర్చుని, కింద పడివున్న రాయిని సుత్తిగా పట్టి, ఉలితో కొక్కెం చుట్టూ రాతిని పగలగొట్టాడు. పిల్ల కాలు ఊడి వచ్చింది. రెండోది. మూడోది. ఒక్కొక్కదానికి నూరు అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతోంది.

అయిదో కొక్కెం ఊడగానే లోయలో నగారా మోగింది.

ఇంకా ముప్పై అయిదు మంది కట్టేసి ఉన్నారు. మిగిలింది ఒకటే దారి. కొమ్మన లేచి, గోడ అంచుకు వచ్చి, పిల్లల నడుమ నిటారుగా నిలబడి చేతులు రెండూ ఊపాడు. ఎదిగిన మనిషి పక్కన నిలబడితే పిల్లలు పిల్లల్లా కనిపిస్తారనుకున్నాడు.

లోయలో పెద్ద కేక పుట్టింది. ముందు వరుస సైనికులు డాళ్లు పారేసి వెనక్కి తోసుకున్నారు. గాలి మోసుకొచ్చిన మాటల్లో ఒకటి అతని చెవిన పడింది. రాక్షసుడు.

కొమ్మనకు తప్పు తెలిసింది. కింద ఉన్నవాళ్ల కంటికి పైనున్నది ఎదిగిన మనుషులే. మనుషులుగా తేల్చుకున్నాక వాళ్ల పక్కన లేచినవాడు రెండు నిలువుల భూతమే అవుతాడు. తను చూపిన రుజువు తలకిందులుగా చేరింది. యంత్రాలు రెండూ కిర్రుమంటూ అతని వైపు తిరిగాయి. మొదటి నిప్పుకుండ పొగ తోకతో లేచి, పదడుగుల పక్కన గోడకు తగిలి బద్దలైంది. మండే నూనె రాళ్ల మీద చారలుగా కారింది. పిల్లలు గొలుసులు సాగినంత మేర వెనక్కి ఒదిగారు.

ఒక్కటి చేయగలిగాడు. ఎడమ పక్క పిల్ల శిరస్త్రాణం తీసేశాడు, కుడి పక్క పిల్లాడిది తీసేశాడు, గడ్డాలు పీకేశాడు. తన తలగుడ్డ కూడా తీసి పారేశాడు. ఆ తర్వాత చేతులు ఊపడం మానేసి, గుడిలో చెక్కిన బొమ్మలా కదలకుండా నిలబడ్డాడు. కొలవదలచినవాడు కొలుచుకునేలా. రెండో యంత్రం తొట్టిలోకి కుండ ఎక్కిస్తున్నారు. అది కనిపిస్తూనే ఉంది. అయినా కదల్లేదు.

సైన్యం మధ్యలో ఒక తెల్లగుర్రం పక్కన ఒక మనిషి చెయ్యి బారజాపాడు. చేతిలో ఏదో తళుక్కుమంది. అతని తల ఒక పక్కకు వంగింది, ఒక కన్ను మూసినవాడి తలలా. బాకు కొన కొమ్మన మీద ఆగింది, తర్వాత ఎడమ పక్క పిల్ల మీదికి జరిగింది, మళ్లీ కొమ్మన మీదికి వచ్చింది.

బాకు కిందికి వాలింది. సుకేతు విల్లు, కవచం విప్పి నేల మీద పెట్టి, యంత్రాలకు ఎదురుగా వచ్చి, కోట వైపు ఒంటరిగా నడవడం మొదలుపెట్టాడు. ప్రచండుడు వెనక నుంచి పిలుస్తున్నాడు. యువరాజు అడ్డంగా ఉండగా కుండ విసిరే ధైర్యం ఎవరికీ లేదు. అతను కురచచెట్ల మధ్యకు వచ్చాడు. మొదటి చెట్టు అతని భుజానికి వచ్చింది, తర్వాతిది నడుముకి, చివరిది మోకాలికి. సైన్యం కళ్లముందే యువరాజు పెరిగి పెరిగి పెద్దవాడవుతున్నాడు. గోడ అడుగుకు చేరి వీపు ఆనించి, సైన్యం వైపు తిరిగి నిలబడ్డాడు. అతని తల ఏనుగు పట్టేదనుకున్న గవాక్షం పై కమ్మీని తాకింది. సరిగ్గా అతనికి పైన, గోడ నెత్తిన, కొమ్మన ఉన్నాడు. కింద ఒక మనిషి, పైన ఒక మనిషి, ఇద్దరూ ఒకటే పొడుగు. వాళ్లిద్దరి మధ్య గోడ ఏడు నిలువులు.

అంతమందిలో ముందుగా నోరు తెరిచింది వంటవాడు. "ఒరే, ఆ పైనున్నవాళ్లు పిల్లలురా," అన్నాడు.

ఆ తర్వాత నిచ్చెనలు వచ్చిన వేగం చెప్పడానికి లేదు. మొదటి దండయాత్రలో పనికిరావని ఈ లోయలోనే ఒక మూల పడేసిన నిచ్చెనలే అవి. ఏడు నిలువులకు చక్కగా సరిపోయాయి. అందరికన్నా ముందు ఎక్కిన సైనికుల వెనకే ముసలి ప్రచండుడు కూడా ఎక్కాడు. అతను కొమ్మన ముఖంలోకి చూడలేకపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక పిల్లాడి నోటి గుడ్డ ముడి విప్పాడు. "నీ పేరేంటి నాయనా?" అని మాత్రం అడిగాడు. జవాబు రాకపోయినా మళ్లీ మళ్లీ అదే అడిగాడు.

కోట లోపల శంఖం మోగింది. సంగతి మాయాంజనుడికి తెలిసిపోయింది. లోపల ఇంకే మాయ కాచుకుందో తెలియదు గనుక పిల్లలను దించి అందరూ వెంటనే వెనక్కి రావాలని సుకేతు ఆజ్ఞ. కొమ్మన ఆఖరి కొక్కెం ఊడగొట్టి, ఆ గొలుసు పిల్లను చంకనెత్తుకున్నాడు. తన పేరు చిలకమ అని చెప్పింది, ఆరేళ్లట. నిచ్చెన దాకా తీసుకెళ్లి అప్పుడు అడిగాడు, పైడమ అనే పిల్లను ఎప్పుడైనా చూశావా అని.

"పైడక్కా? పైడక్క గీత దాటింది కదా మామా."

మెట్ల మొదట్లో ఒక రాతిస్తంభం చూపించింది. దానికి అడ్డంగా ఎర్రటి గీత ఉంది. ప్రతి అమావాస్యకు పిల్లలను అక్కడ నిలబెట్టి కొలుస్తారట. తల గీత దాటితే గోడ మీద పనికిరారు, కిందికి దించేస్తారు. తను పోతే చిన్నపిల్లలు ఏడుస్తారని, పైడక్క పొడవు కోటు కింద మోకాళ్లు వంచి నిలబడేదట. చాలా నెలలు అలాగే నిలబడిందట. పోయిన అమావాస్యకు కొలిచేవాళ్లు కోటు ఎత్తి చూశారు.

"కింద అద్దాలు తోమిస్తారు మామా. అక్కడికెళ్లినవాళ్లు పైకి రారు."

చిలకమను సైనికుడి చేతికిచ్చి కొమ్మన స్తంభం దగ్గరికి వెళ్లాడు. ఎర్రగీతకు పైన, ఒక్కొక్క పిల్లకు ఒకటి చొప్పున, మేకుతో గీసిన గుర్తులున్నాయి. అన్నిటికన్నా కొత్తది, ఇంకా తెల్లగా ఉన్నది, మిగతా వాటన్నిటికీ పైన ఉంది. దానికి ఎదురుగా నిలబడి అరచెయ్యి ఆనించాడు. అది అతని డొక్కల దాకా వచ్చింది. మూడేళ్లుగా అతను వెతుకుతున్న పిల్ల అతని నడుముకి కూడా వచ్చేది కాదు. ఇందాక ఆ నలభై ముఖాల్లో వెతికింది కూడా ఆ పిల్లనే.

కింద నుంచి సుకేతు పేరు పెట్టి పిలుస్తున్నాడు. నిచ్చెనలు తీసేస్తున్నామంటున్నాడు. కొమ్మన విన్నానన్నట్టు చెయ్యి ఊపి, మెట్ల వైపు తిరిగాడు.

ఈసారి మెట్లు వేరే దారిన, కోట కడుపులోకి దిగాయి. గోడలు చెమర్చి ఉన్నాయి. అడుగున ఇనుప తలుపు, దాని సందులోంచి తెల్లటి వెలుగు. భుజంతో నెట్టి లోపలికి అడుగు పెట్టాడు.

నూరుమంది మనుషులు ఉలులు పట్టుకుని అతనికి ఎదురు నడిచారు. ఆగాడు. వాళ్లూ ఆగారు. నేల నుంచి కప్పు దాకా అద్దాలే. మూలమూలలా, ఒకదానిలో ఒకటిగా, వంగి గుడ్డతో తోముతున్న సన్నటి ఆడపిల్లలు నూరుమంది. కోట్లు లేవు, గడ్డాలు లేవు. ఎనిమిదేళ్ల వయసు, అరిగిన మోచేతులు. చప్పుడుకు నూరుమందీ ఒక్కసారే తలెత్తారు.

కొమ్మన ఎటూ పరుగెత్తలేదు. గొయ్యి దగ్గర నేర్చుకున్నది ఇంకా వేళ్ల కొసల్లో మండుతోంది. చెవి రిక్కించి నిలబడ్డాడు.

అద్దాల్లో నూరు నోళ్లు కదిలాయి. "నాన్నా" అన్న గొంతు ఒక్కటే, అది అతని వెనక నుంచి వచ్చింది. అదే క్షణాన ఇనుప తలుపుకు బయటి నుంచి గడియ పడింది.